తిన్నది ఒంటికి పట్టాలె బిడ్డా

చిన్నా,

సద్దుల బతుకమ్మకు జనగామ వచ్చినప్పుడు నువ్వు తిన్న తీరు చూసిన. నువ్వుల సద్ది, చింతపండు సద్ది, మీ నాయినమ్మ కొసరి కొసరి పెట్టిన పెరుగు సద్ది, అన్నీ కలిపి అయిదు నిమిషాలు పట్టలే. ఒక చేతిల ఫోను, ఇంకో చేతిల ముద్ద. చెయ్యి కడుక్కున్నవో లేదో, అంగి జేబుల నుంచి గ్యాస్ గోలీ తీసి గుటుక్కున మింగినవ్. ఇరవై ఆరేండ్ల పోరనికి గ్యాస్ గోలీ! పండుగ పూట ఎందుకని ఆనాడు నోరు మూసుకున్న. ఇయ్యాల మూసుకోను.

ముప్పై ఏండ్లు ఈ దిక్కు బడుల్ల సైన్సు చెప్పినోన్ని. తిండి అరిగే పాఠం వచ్చిందంటే నాకు సంబురమే. రెండు గాజు గ్లాసుల్ల పలుచటి గంజి పోసి, ఒకదాంట్ల ఒక పిల్లగానితోని ఉమ్మి వేయించేది. అరగంట ఆగి రెండిట్ల టింక్చర్ అయోడిన్ చుక్క వేస్తే, ఉత్త గంజి అల్లనేరేడు రంగుకు తిరిగేది. ఉమ్మి కలిసిన గంజి తిరిగేది కాదు. దాంట్ల పిండిపదార్థం అప్పటికే చక్కెరయిపోయింది గద! ఛీ ఛీ అని పిల్లలు ఒకటే నవ్వు, గని పరీక్షల ఆ ప్రశ్న ఒక్కడు తప్పకపోయేది. జొన్నరొట్టె తునక కూర లేకుండ నిమిషం సేపు నమిలి చూడు, నాలుకకు తియ్యగ తగులుతది. పని నోట్లనే మొదలైతది బిడ్డా. నువ్వేమో నమలకుండ ముద్ద మీద ముద్ద కిందికి తోస్తున్నవ్. కడుపుల పండ్లు లేవు.

జనగామల బస్సెక్కి, హన్మకొండల మారి, పరకాల మీదికెళ్లి భూపాలపల్లి పోతవ్. తొందరున్నదని పరకాల లేకుండ పోతవా? అన్నానికి గూడ అంతే. కడుపుల రెండు నుంచి నాలుగు గంటల మజిలీ, నూనె ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. అక్కడి ఆసిడ్ పప్పునూ మాంసాన్నీ విడదీసే పని మొదలు పెడ్తది. రాత్రి పూట ఈ బండి మరీ మెల్లగ నడుస్తది. నువ్వు నైట్ షిఫ్ట్ చేసి తెల్లారి బొగ్గుబాయి మీదికొచ్చి, కడుపు పగిలేటట్టు పూరీలు తిని అట్లనే మంచం మీద ఒరుగుతున్నవట. ఆసిడ్ ఎటు పోవాలె మరి? గొంతులకే ఎగదన్నుతది. షిఫ్టు మార్చుకొమ్మని నేను చెప్పలేను, అది నీ చేతిల లేదు. గని డ్యూటీకి పోకముందే కడుపునిండ తిను, వచ్చినంక ఇంత గట్కనో అంబలో తాగి, కొంతసేపు కూసున్నంకనే పండు.

కడుపు దాటినంక చిన్నపేగు, దగ్గర దగ్గర ఇరవై అడుగులు. జిడ్డు గిన్నెకు సబ్బు ఎట్లనో, కార్జం పంపే పసరు నూనెకు అట్ల. పేగు లోపల టర్కీ తువ్వాల లెక్క సన్నటి పోగులుంటయి. తిన్నది ఒంటికి పట్టుడంటే ఆ పోగులు పీల్చుకునుడే.

భీమవరంల 1895ల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సంగతి నేను ఏ ఏడూ క్లాసుల చెప్పకుండ ఉండలే. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే రోగంతోని పోయిన్రు. తననూ అదే రోగం పట్టింది. ఆ రోగం వస్తే పేగుల ఆ పోగులు చదునైపోతయి, ఎంత తిన్నా మనిషి ఎండిపోతడు. ఎట్లనో బతికి అమెరికా పోయి, 1929ల ఫిస్కే అనే సైంటిస్టుతోని కలిసి కండల్ల ఏటీపీ సంగతి లోకానికి చెప్పిండు. మనం తిన్న తిండి ఆఖరికి ఆ రూపంలనే కండను కదిలిస్తది, నువ్వు బాయిల చెయ్యెత్తినా దాని బలమే. 1945ల లెడర్లీ కంపెనీల ఆయన నడిపించిన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది మందయింది. అన్నదమ్ములను తిన్న రోగాన్ని ఆ మనిషి మరువలే. ఇది చెప్పేటప్పుడు నాకు ఎన్నడూ గొంతు సక్కగుండకపోయేది.

నీ కడుపుమంటకు మీ అత్త మిర్చిని తిడ్తున్నది. మా అమ్మమ్మోళ్లది మానుకోట దిక్కు, మిర్చి కల్లాల్ల ఆడి పెరిగినోన్ని, ఊకె నింద వేస్తే ఊరుకోను. మిరపకాయ, వేడి తగిలితే కదిలే నరాలనే కదిలిస్తది, అందుకే మంట. పుండ్లు చేసేది మాత్రం ఎక్కువగ హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే క్రిమి, లేకుంటే నొప్పుల గోలీలు. క్రిమి మాట ఎవరూ నమ్మకుంటే ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984ల దాన్ని తనే తాగి కడుపు చెడగొట్టుకున్నడు. 2005ల నోబెల్ ఇచ్చిన్రనుకో.

నాది రెండో రకం పుండు, నొప్పుల గోలీలది. మోకాళ్ల నొప్పికని ఎవ్వర్నీ అడగకుండ దుకాణంల గోలీలు కొని నాలుగు నెలలు మింగిన. అవి నొప్పిని తగ్గిస్తయి, దాంతోపాటే కడుపును ఆసిడ్ నుంచి కాపాడే జిగురు పొరను పలుచ చేస్తయి. మంట లేస్తే నీ లెక్కనే గ్యాస్ గోలీ. ఒకనాడు దొడ్డికి పోతే డాంబర్ తీరు నల్లగ, జిగటగ. లోపల రక్తం కారితే అట్ల వస్తదని సైన్సు సారుకు తెల్వదా? తెలుసు. అయినా రెండు రోజులు మీ నాయినమ్మకు చెప్పలే. మూడు సీసాల రక్తం ఎక్కించిన్రు.

నీకు అంత కాలే, కావద్దు. గని నెలల కొద్ది గోలీతోని మంటను అణచిపెట్టకు, కడుపు డాక్టరుకు చూపించు, ఆ క్రిమి పరీక్ష చేయించుకో. నల్లగ పోయినా, మింగుడు కష్టమైనా, ఊకె బరువు తగ్గినా సెలవు దొరికేదాక ఆగకు.

నాయినమ్మ నువ్వుల పొడి డబ్బల కట్టి బస్సుల పంపుతున్నది. నీ అంగి జేబులున్న గోలీల పట్టీ పోయిందని రూమంత వెతికినవట. అది నా టేబుల్ సొరుగుల ఉన్నది.

— తాత