శరణార్థి – పురుషార్థి

మనిషికి పేరు పెట్టే హక్కు తల్లిదండ్రులది. కాని ఆపద వచ్చి ఊరు విడిచినవానికి రెండవసారి నామకరణం జరుగుతుంది. ఆ నామకరణం చేసేవారు పరాయివారు. ఇంగ్లీషులో ఆ రెండవ పేరు 'రెఫ్యూజీ'. పత్రికలలోను, ప్రభుత్వపు కాగితాలలోను, నాలుగు వీధుల కూడలిలోను ఇంతగా నలిగిన మాటలు కొద్ది. నలిగిన మాటకు అర్థం అందరికీ తెలిసినట్లే ఉంటుంది. ఆ పేరు మోసేవాని చెవికి అది ఎట్లా వినిపిస్తుందని విచారించేవారు మాత్రం అరుదు.

ఈ మాట పుట్టినిల్లు ఫ్రాన్సు. తన తాత 1598లో ప్రకటించిన నాంట్ శాసనాన్ని పదునాలుగవ లూయీ 1685లో రద్దు చేశాడు. అంతట ప్రొటెస్టెంటు మతస్థులైన హ్యూగెనాట్లు వేలకొలదిగా దేశం విడిచారు. ఇంగ్లండు చేరినవారితోపాటు ఈ మాట కూడ ఆ భాషలో స్థిరపడింది. దీని మూలంలో ఉన్న లాటిన్ ధాతువుకు పారిపోవడమని అర్థం. వచ్చినవారిలో పట్టునేతలో ఆరితేరినవారున్నారు, గడియారాలు చేయనేర్చినవారున్నారు. వారు తెచ్చిన విద్య పేరులోకి ఎక్కలేదు. పారిపోయి వచ్చారన్నదే పేరైనది. 1951లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక చేసిన నిర్వచనంలోనూ ఇదే జాడ కనబడుతుంది. జాతి, మతం మొదలైన కారణాలచేత తనను హింసిస్తారనే సహేతుకమైన భయంతో స్వదేశం వెలుపల ఉన్నవాడు రెఫ్యూజీ అని దాని సారం. భాష పరుగును చూచింది, చట్టం భయాన్ని చూచింది. మనిషిని చూచే పని మిగిలిపోయింది.

తెలుగులో ఈ భావానికి మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. మొదటిది కాందిశీకుడు. 'ఏ దిక్కునకు పోదును?' అనే ప్రశ్ననుండి ఈ పదం పుట్టినదని పండితులు చెబుతారు. భయంతో పరుగిడువాడని అమరకోశం దీనికి అర్థం చెప్పినది. రెండవది నిర్వాసితుడు. నాగార్జునసాగరం, శ్రీశైలం, పోలవరం వంటి ప్రాజెక్టుల నీటికింద ఊళ్ళు పోగొట్టుకున్నవారికి తెలుగువారు ఈ పేరు పెట్టారు. సరిహద్దు దాటలేదు గనుక అంతర్జాతీయ న్యాయం వీరిని రెఫ్యూజీలనదు. పోయిన ఇల్లు మాత్రం పోయినదే. మూడవది శరణార్థి. అందరి నోట నిలిచినది ఇదే. ఈ మాటను కొందరు శిరసావహించలేదు. వారి కథ ఫరీదాబాదు కథ.

ఢిల్లీకి దక్షిణాన ఉన్న ఫరీదాబాదు, జహంగీరు కొలువులో కోశాధికారి అయిన షేక్ ఫరీదు పేర 1607లో వెలసిన పట్టణమని ప్రసిద్ధి. దేశవిభజన తరువాత దాని పక్కన మరొక ఊరు పుట్టింది. వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోని బన్నూ, డేరా ఇస్మాయిల్ ఖాన్, కోహాట్, పెషావరు మొదలైన ప్రాంతాలనుండి తరలివచ్చిన హిందువులకు, సిక్కులకు అక్కడ నివాసం కల్పించదలచారు. వారిలో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులైన ఖుదాయీ ఖిద్మత్‌గారులు కూడ ఉన్నారు. 1949లో ఫరీదాబాదు అభివృద్ధి మండలి ఏర్పడింది. బాబూ రాజేంద్రప్రసాదు దానికి తొలి అధ్యక్షులు. ప్రధాని నెహ్రూ ఆ సమావేశాలలో స్వయంగా పాల్గొనేవారు. పాలనా బాధ్యత సుధీర్ ఘోష్ వహించారు. కమలాదేవీ చట్టోపాధ్యాయ నాయకత్వంలోని ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ సహకార సంఘాలు నిర్మించడంలో తోడ్పడింది.

అక్కడ తలెత్తిన ప్రశ్న పైకి చిన్నది: ఇళ్ళు ఎవరు కట్టాలి? కాంట్రాక్టర్లకు అప్పగించి తాళపుచెవులు చేతికివ్వడం ఒక మార్గం. వచ్చినవారే కట్టుకోవడం రెండవ మార్గం. వారిలో పెక్కుమంది అంగళ్ళు నడిపినవారు, భూవసతి గలవారు. తాపీ పట్టి ఎరుగరు. అయినా రెండవ మార్గమే నిలిచింది. శిబిరంలో ఉచితంగా అందే బత్తెం స్థానంలో పనికి కూలి వచ్చింది. నిన్నటి వర్తకుడు ఇటుకలు కోశాడు, గోడలు పెట్టాడు. సుమారు 30,000 మంది కోసం అయిదువేలకు పైగా ఇళ్ళు లేచాయి. యుద్ధపరిహారంగా జర్మనీనుండి లభించిన డీజిలు యంత్రాలతో విద్యుత్కేంద్రం నిలిచింది. దాని వెంట కర్మాగారాలు వచ్చాయి. కొత్త ఊరికి న్యూ ఇండస్ట్రియల్ టౌన్‌షిప్ అని పేరు వచ్చింది. నేటికీ జనం దానిని ఎన్.ఐ.టి. అంటారు, పేటలను ఒకటి, రెండు, మూడు అని అంకెలతోనే గుర్తు చెబుతారు.

ఆ కాలంలో పంజాబునుండి, సరిహద్దునుండి వచ్చినవారిలో పలువురు తమను శరణార్థులనవద్దని, పురుషార్థులనమని కోరారు. పురుషార్థి అంటే స్వప్రయత్నంతో నిలిచేవాడు. మాటకు మాట ప్రాస కుదిరినందువల్ల పుట్టిన చమత్కారం కాదిది. శరణార్థి అనే మాట చేయి చాచిన మనిషిని చూపుతుంది. పురుషార్థి అనే మాట చేతిలో పనిముట్టు ఉన్న మనిషిని చూపుతుంది. ఉన్నదంతా పోయినవానికి మిగిలిన ఆస్తి ఆత్మగౌరవమొక్కటే. దానినికూడ పేరుతో తీసివేస్తే అన్నం పెట్టినా ఆకలి తీరదు. 1943లో యూదురచయిత్రి హన్నా అరెంట్ అమెరికానుండి వ్రాసిన ఒక వ్యాసంలోనూ ఈ బాధే వినబడుతుంది. తమవంటివారికి రెఫ్యూజీలని పిలిపించుకోవడం ఇష్టం లేదని ఆమె మొదటనే తెలిపింది.

అట్లయితే శరణార్థి అనే మాటను విడిచిపెట్టవలసినదేనా? ఇక్కడ తొందరపడరాదు. తాపీ పట్టగలవాడు పురుషార్థి అయినాడు. పట్టలేని ముదుసలి సంగతి ఏమి? దారిలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పసివాని సంగతి ఏమి? స్వప్రయత్నమే గౌరవానికి కొలత అయితే, ప్రయత్నానికి శక్తి లేనివారు గౌరవానికి వెలుపల నిలిచిపోతారు. 'వారు కష్టపడి పైకి వచ్చారు, మీరెందుకు రారాదు?' అనే కఠినమైన ప్రశ్న ఆ వెనుకనే వస్తుంది. పురుషార్థి అనే మాట వినేవాని మీద ఏ బాధ్యతా పెట్టదు. శరణార్థి అనే మాట పెడుతుంది. 1971లో తూర్పు బెంగాలునుండి దాదాపు కోటిమంది వచ్చినప్పుడు, ఉత్తరాలపై అయిదు పైసల శరణార్థి సహాయ బిళ్ళను అదనంగా అతికించే నియమం వచ్చింది. ఆ బిళ్ళ మీది మాట వచ్చినవారిని కించపరచడానికి వేసినది కాదు. ఎక్కడో గోదావరి ఒడ్డున కూర్చుండి చుట్టానికి ఉత్తరం వ్రాసేవానికి, నీకుకూడ ఇందులో పాలున్నదని జ్ఞాపకం చేయడానికి వేసినది.

దోషం మాటలో కన్న దానిని అర్థం చేసుకున్న తీరులోనే ఉన్నది. శరణమనే పదానికి అమరకోశం రెండు అర్థాలు చెబుతుంది: ఇల్లు, రక్షకుడు. రక్షించే చేతికోసం చూచేవాడు శరణార్థి అన్న అర్థమే లోకం పట్టుకున్నది. ఇల్లు కోరేవాడు అన్న అర్థం మరుగునపడింది. ఫరీదాబాదులో గోడ పెట్టినవారు కోరినది ఈ రెండవ శరణాన్నే. ఆ అర్థంలో శరణార్థికి, పురుషార్థికి విరోధం లేదు. ఇల్లు కోరేవాడే ఇల్లు కట్టగలడు.

విభీషణుడు సముద్రతీరాన రాముని శరణు వేడినపుడు సుగ్రీవుడు సందేహించాడు. రాముడు అభయమిచ్చి ఊరుకోలేదు. లక్ష్మణునిచేత సముద్రజలం తెప్పించి, ఆ ఒడ్డుననే లంకారాజ్యానికి అభిషేకం చేయించాడు. ఆ క్షణంనుండి అతడు ఆలోచన చెప్పే మంత్రి, కూడ నడిచే యోధుడు. శరణన్న మాట అతని జీవితంలో ఒక గడియకు పేరు, అతనికి పేరు కాదు. శరణిచ్చేవాని ధర్మం గుమ్మం తెరవడంతో ముగియదు. లోపలికి వచ్చినవానికి పని, పదవి, మాట చెల్లుబడి కల్పించినప్పుడే ముగుస్తుంది.

ఆ ధర్మం ఎంత సులభంగా జారిపోతుందో ఫరీదాబాదే చెబుతుంది. సహకార ప్రయత్నంలో పాల్గొన్న ఎల్.సి. జైన్ 1998లో ఆ చరిత్రను గ్రంథంగా వెలువరించి, ఆ ఊరిని ఆశానగరమన్నారు. ఆ ఆశ కార్యాలయాల చేతిలో సన్నగిల్లిన విధం కూడ వారే వ్రాశారు. కట్టుకున్నవాని మాటకు కొత్త ఊరి పాలనలో చోటు తగ్గినప్పుడు, అతడు మరల అర్జీ పట్టుకొని నిలుచున్నవాడే అవుతాడు. విశాఖపట్నంలో, బర్మానుండి తిరిగివచ్చిన తెలుగువారు కాపురమున్నచోటికి బర్మా క్యాంపు అనే పేరు నేటికీ ఉన్నది. అక్కడ పుట్టినవారికి బర్మా ఒక కథ మాత్రమే. పేరుకు మాత్రం అది తెలియదు.

కాబట్టి రెఫ్యూజీ అన్నా, శరణార్థి అన్నా, ఆ మాట వచ్చినవాని కులం కాదు, ఉన్నవాని బాకీ. బాకీ తీరినంతవరకే పత్రానికి విలువ. తీరిన తరువాత కూడ దానిని ఎదుటివాని నుదుట అంటించి తిరగనిచ్చేవాడు ధర్మాత్ముడు కాడు.