తక్కెడ ముల్లు

పుంగనూరు పొట్టి ఆవులను కాపాడే పశు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు పలమనేరు. ఇక్కడ సాయంత్రం అరుగుల మీద ఆవుల రోగాలు దొర్లినంతగా కుక్కలవి దొర్లవు. ఆ రోజు దొర్లాయి. నాకు చిన్నప్పుడు లెక్కలు చెప్పిన అయ్యవారు జర్మన్ షెపర్డ్‌ను తెచ్చుకున్నారు మరి.

"పెళ్లింట్లో మిగిలిన అన్నం మెక్కితే ఆవు కడుపు పులిసి పడిపోవడం నేనెరుగుదును. కుక్కకూ అంతేనారా?"

"ఆవుది పులుపు, అయ్యవారూ. కుక్కది మెలిక. ఛాతీ లోతైన పెద్ద జాతుల్లో కడుపు గాలికి ఉబ్బి గిర్రున తిరిగిపోతుంది. వచ్చే దారీ పోయే దారీ మూసుకుంటాయి. ఊరికే డోకుతుంది, ఏమీ పడదు. తడితే పలకలా మోగుతుంది. ఆ ఉబ్బు పెద్ద సిరను నొక్కేసరికి గుండెకు రక్తం చేరదు. ఒంట్లో లాక్టిక్ యాసిడ్ పోగవుతుంది."

"రక్తం పరీక్షిస్తే తెలిసిపోతుందిగా."

"పశువైద్యం చదువుకునే రోజుల్లో అట్లాంటి కుక్కనే చూశాను. లేవలేక పడి ఉంది. రక్తం పీహెచ్ మాత్రం 7.4. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు ఉండేదే."

"యంత్రం చెడిపోయుంటుంది."

"లేదు. కడుపు యాసిడ్ తయారుచేసినప్పుడల్లా దానికి సరిపడా క్షారం రక్తంలోకి వదులుతుంది. యాసిడ్ పేగులోకి దిగాక ఆ లెక్క తీరిపోతుంది. మెలిక పడితే యాసిడ్ కడుపులోనే చిక్కుకుంటుంది, క్షారం రక్తంలో మిగిలిపోతుంది. అటు లాక్టిక్ యాసిడ్, ఇటు ఈ క్షారం. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి."

"బతికిందా?"

"లేదు."

అయ్యవారు కాసేపు పలకలేదు. లెక్కల మనిషి కదా, సరిపోయిన లెక్కే తప్పు కావడం ఆయనకు మింగుడుపడలేదనుకుంటా.

"సంతలో వట్టి తక్కెడ ముల్లూ మధ్యలోనే నిలుస్తుంది. రెండు పళ్లేల్లో బండలు పెట్టినా అక్కడే నిలుస్తుంది. సమత్వం, సమత్వం అని ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పానే, అందులో ఏ తక్కెడ గురించి చెప్పానంటావు?"

"బండల్ని విడిగా తూచొచ్చు. లాక్టేట్ కొలిచేది అందుకే. లీటరుకు 6 మిల్లీమోల్స్ దాటిందంటే కడుపు గోడ చచ్చిపోతోందేమోనని భయపడతాం."

"లాక్టిక్ యాసిడ్ ఎక్కువైన కుక్కకు వంటసోడా లాంటిదేదైనా ఎక్కిస్తే?"

"ముల్లు కదులుతుంది, బండ కదలదు. సెలైన్ వేగంగా ఎక్కించాలి, గాలి తీయాలి, కోసి మెలిక విప్పాలి, మళ్లీ తిరక్కుండా కడుపును పొట్టగోడకు కుట్టాలి. రక్తం పారితే లాక్టేట్ సంగతి చాలావరకు కాలేయమే చూసుకుంటుంది."

"ఆ కొలిచే యంత్రం నీ దగ్గరుందా?"

"లేదు. బొటనవేలుంది. చిగురు నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి."

అయ్యవారు అరుగు దిగి, నిద్రపోతున్న కుక్క పెదవి పైకెత్తి చిగురు నొక్కారు.

"ఒకటి... రెం..."

కుక్క విసుగ్గా తల తిప్పుకుంది. ఆయన నా వైపు చూశారు.

"రెండు పూర్తిగా అననే లేదురా!"