మెలకువగా నుండు ప్రేమ

ధ్యాన భాగములు: యెషయా 66:13, మత్తయి 26:36–41



చలికాలము ప్రవేశింపగానే మన పల్లెలలో పడిశము ఇంటింటికి తిరుగును. పెద్దవారికి అది చిన్న చిక్కే. కాని నాలుగు నెలల పసిబిడ్డకు మొదటిసారి అది వచ్చినప్పుడు ఆ యింట ఎవరికిని నిద్ర యుండదు. పసిబిడ్డలు ముఖ్యముగా ముక్కుతోనే ఊపిరి తీసికొందురు గనుక, ముక్కు మూసికొనిన బిడ్డ రెండు గుటకలు పాలు త్రాగి, రొమ్ము విడిచి ఏడ్చును. అప్పుడు అమ్మమ్మ సాంబ్రాణి పొగ వేయుమనును. పొరుగామె కర్పూరము కలిపిన కొబ్బరినూనె రాయుమనును. తండ్రి సూది వేయించుదమని చొక్కా తొడుగుకొనును.

ఇట్టి యొక యింట మేము ప్రార్థన ముగించి లేచినప్పుడు ఆ పిల్లతల్లి ఇట్లు అడిగెను: “అయ్యగారూ, బిడ్డ ఇంత అవస్థపడుతుంటే ఏ మందూ పోయకుండా చూస్తూ కూర్చోవడం తప్పు కాదా? కన్నతల్లి చేసే పనేనా అది?” ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. కావున ఈ నెల దానినే ధ్యానించుదము.

పడిశమనగా నేమో మొదట తెలిసికొందము. కంటికి కనబడని వైరసుల వలన ఇది కలుగును. వాటిలో రెండువందలకు పైగా రకములు కలవు. ఆంటిబయాటిక్ సూదులు బాక్టీరియా మీద పనిచేయునే గాని వీటి మీద పనిచేయవు. బిడ్డ శరీరములో దేవుడుంచిన శక్తియే వీటితో పోరాడి, సాధారణముగా వారము పది దినములలో గెలుచును. దగ్గు మాత్రము మరికొన్ని దినములు ఉండవచ్చును. “మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు” అని మన పెద్దలు నవ్వుచు చెప్పిన మాట నిజమే.

అట్లయిన మనము మందుసీసా కొరకు ఏల పరుగెత్తుచున్నాము? మన హృదయములను పరీక్షించుకొందము. బిడ్డ యేడ్పును మనము ఓర్వలేము. ఏదో యొకటి చేసితిమను తృప్తి మనకు కావలెను. ఇరుగుపొరుగువారు రేపు ఏమందురో యను భయమును కలదు. ఆ చెంచాడు మందు బిడ్డ నోట పోయబడినను, దానివలన ఊరట పొందునది మనమే. అందులో ప్రేమ లేదని మేము చెప్పము. కాని మనలను మనము ఊరడించుకొను ఆతురత ఆ ప్రేమతో కలిసియున్నది.

ఈ మందులు హానిలేనివని తలంచుటయు పొరపాటే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గుమందు త్రాగిన పలువురు చిన్నబిడ్డలు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసియుండెను. ఆ తలిదండ్రులను మనము నిందింపరాదు. వారు బిడ్డల మేలునే కోరిరి. అదే సంవత్సరము అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖవారు, రెండేండ్లలోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు ఇయ్యరాదనియు, ఐదేండ్లలోపు వారికి సాధారణముగా అవి తగవనియు తెలియజేసిరి.

మరి చేయదగినదేమి? తల్లిపాలు కొంచెము కొంచెముగా, మాటిమాటికి ఇయ్యవలెను. ఆరు నెలలలోపు బిడ్డకు పాలే నీరు, పాలే ఆహారము. మందుల దుకాణములో దొరకు సెలైన్ చుక్కలు పాలిచ్చుటకు ముందు ముక్కులో వేసి, మెత్తని గుడ్డతో తుడిచిన ఊపిరి తేలికగును. మెలకువగా నున్నప్పుడు బిడ్డను భుజమున నిటారుగా ఎత్తుకొనవలెను. నిద్రలో వెల్లకిల పండుకొనబెట్టవలెను. పొగ, కర్పూరము, ముక్కులో నూనె వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకింపరాదు. బొటులిజము అను ప్రాణాపాయమైన వ్యాధి దానివలన కలుగవచ్చును.

అయితే ఓర్పు వేరు, అలక్ష్యము వేరు. దీపము దగ్గర పెట్టుకొని, బిడ్డ ఎద కదలికను చూచి, నిమిషమునకు ఎన్ని ఊపిరులో లెక్కపెట్టవలెను. రెండు నెలలలోపు బిడ్డకు 60గాని, ఏడాదిలోపు బిడ్డకు 50గాని, అంతకు మించిగాని ఉన్నను, డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు మానినను, పెదవులు నీలమైనను, మత్తుగా పడియున్నను, మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరము వచ్చినను, తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. అప్పుడు ప్రార్థన మాత్రమే చాలునని కూర్చుండుట విశ్వాసము కాదు. హిజ్కియాకు ఆయుష్షు పొడిగించిన దేవుని ప్రవక్తయే అతని పుండునకు అంజూరపు పండ్ల ముద్ద కట్టుమని చెప్పెను గదా (యెషయా 38:21).

ముందుగా సిద్ధపడుటయు అవిశ్వాసము కాదు. యోసేపు సమృద్ధిగల సంవత్సరములలోనే ధాన్యము కూర్చెను. చేతులు సబ్బుతో కడుగుకొనుట, టీకాలు తప్పక వేయించుట, పడిశముగలవారు బిడ్డను ముద్దాడకుండుట, ఇవియే మన ధాన్యపు కొట్లు. బిడ్డను చూడబోవు సంఘస్థులమైన మనమే ఇందులో మాదిరి చూపవలెను. తల్లికే పడిశమైనను, ముక్కుకు నోటికి గుడ్డ కట్టుకొని పాలియ్యవలెను గాని మానరాదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వచ్చెదము. గెత్సేమనేలో మన ప్రభువు దుఃఖాక్రాంతుడై యున్నప్పుడు శిష్యులను ఏమి కోరెను? ఆ గిన్నెను తొలగింపుడని వారిని అడుగలేదు. అది వారిచేత కాదు. తనతో కూడ మెలకువగా నుండుడని మాత్రమే కోరెను. పేతురు కత్తి దూయగలిగెను గాని, కొంతసేపు మేల్కొనియుండలేకపోయెను. మనమును అట్టివారమే. ఏదైన చేయుట మనకు సులభము. చేయగలిగినది కొంచెమైనప్పుడు దగ్గర నిలిచియుండుట కష్టము.

దేవుడు తన ఓదార్పును తల్లి ఓదార్పుతో పోల్చెను. తల్లి పడిశమును తీసివేయజాలదు. తన భుజము నియ్యగలదు, తన నిద్ర నియ్యగలదు. కావున, అమ్మా, నీవు ఊరక కూర్చుండలేదు. ప్రభువు కోరిన పనియే చేసితివి. తండ్రులారా, అత్తమామలారా, ఆమెను ఒంటరిగా విడువకుడి. ఒక జాము మీరును మేల్కొని బిడ్డను ఎత్తుకొనుడి.

నిద్రయెరుగని మన కాపరి ఈ చలికాలమున మన పసిబిడ్డలను కాపాడునుగాక. ఆమేన్.