పెట్ట గొంతుతో

నిరుడు మార్చి నెలంతా గరాజ్‌లో కూచుని ఆడ టర్కీ కోడిలా కూయడం ప్రాక్టీసు చేశాను. చేతిలో ఒక చెక్కపెట్టె, దానిమీద తెడ్డులాంటి మూత. బాక్స్ కాల్ అంటారు. మూత అడుగున సుద్ద రాసి పెట్టె అంచుకి రాపాడిస్తే పెట్ట కూత వస్తుంది. మొదట్లో తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టే ఉండేది. రెండు వారాలకి కాస్త నమ్మేలా వచ్చింది. ఆరేళ్ళ మా అమ్మాయి గుమ్మంలో నిలబడి అడిగింది.

"దాంతో ఏమంటున్నావు నాన్నా?"

"రమ్మంటున్నా."

"వస్తే?"

నాకు సమాధానం తెలుసు. చెప్పలేదు.

మిస్సోరీలో వసంతకాలపు టర్కీ వేట ఏప్రిల్ మూడో సోమవారం మొదలై మూడు వారాలు నడుస్తుంది. మా టీమ్‌లో ఒక పెద్దాయన, అరవై దాటినవాడు, ఒక్కసారి వచ్చి చూడమని రెండేళ్ళుగా అంటున్నాడు. నేను కోడికూర మానెయ్యగలిగినవాణ్ణి కాదు. అలాంటప్పుడు తినేదాన్ని ఒక్కసారైనా నా చేత్తో చంపగలనా లేదా తెలుసుకోవాలనిపించింది. వేట భద్రత కోర్సు చేసి, లైసెన్సు తీసుకున్నాను. (హెచ్-1బీ వాళ్ళకి ఇక్కడో విచిత్రం ఉంది. ఫెడరల్ చట్టం ప్రకారం మా చేతిలో తుపాకీ ఉండకూడదు, కానీ రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాడికి ఇంత తేలిగ్గా దొరికిన కాగితం ఇంకోటి లేదు.)

కోర్సులో చెప్పేది చాలావరకు జాగ్రత్తలే. ఒంటిమీద ఎరుపు, తెలుపు, నీలం కనబడకూడదు. పుంజు తల రంగులు అవే కనక ఇంకో వేటగాడు పొరబడే ప్రమాదం ఉంది. భుజాలకన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూచోవాలి. కూత వినబడిన వైపు పాక్కుంటూ వెళ్ళకూడదు, కూసేది మనిషి కావచ్చు. ఈ చివరి మాట నన్ను వదల్లేదు. అడవిలో వినిపించే ప్రతి పిలుపునీ అనుమానించాల్సి రావడం మనం చేసుకున్నదే కదా.

వేటని సమర్థించే లెక్కలు గట్టివే, దాటెయ్యను. 1930ల నాటికి దేశం మొత్తంమీద అడవి టర్కీలు సుమారు 2 లక్షలకి పడిపోయాయి. ఇప్పుడు 60 లక్షల దాకా ఉన్నాయంటారు. 1937 చట్టం తుపాకుల మీద, తూటాల మీద వేసిన పన్నుని వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకి మళ్ళించింది. ఫారాల్లో పెంచి వదిలిన పక్షులు అడవిలో బతకలేకపోతే, నిజమైన అడవి పక్షుల్నే వలవేసి పట్టి ఖాళీ అయిన అడవుల్లో వదిలారు. వసంతంలో పుంజుల్నే చంపనివ్వడానికీ కారణం ఉంది. పెట్ట ఒక్కతే పొదుగుతుంది, పిల్లల్ని సాకడంలో పుంజు పాత్రేం లేదు.

అయినా మనవాళ్ళకి ఒక చిక్కుంది. మన కావ్యం మొదలైందే ఇలాంటి వేట మీద శాపంతో. వాల్మీకి కోపం ఆ బోయవాడు పిట్టని కొట్టినందుకే అయితే అడవిలో రోజూ శపిస్తూ కూచోవాలి. జంటగా, మోహంలో ఉన్న క్రౌంచాల్లో మగదాన్ని కొట్టాడు, అదీ ఆయన బాధ. నా పర్మిట్‌లో రాసున్నదీ సరిగ్గా అదే, మగది, జతకట్టే కాలంలో. ఈమధ్య కొన్ని దక్షిణాది రాష్ట్రాలు సీజన్ని వెనక్కి జరిపాయి. జతకట్టడం పూర్తికాకముందే పెద్ద పుంజుల్ని తీసేస్తే సంతతి దెబ్బతింటుందేమోనన్నది వాటి కారణాల్లో ఒకటి. వాల్మీకి అభ్యంతరమే, గణాంకాల భాషలో.

కానీ ఆ బోయవాడు కనీసం పిట్టని పిలవలేదు. అరువు గొంతుతో పిలవడం మారీచుడి పని. మా అమ్మమ్మగారి ఊళ్ళో, ప్రకాశం జిల్లాలో, పెంచిన కౌజుని పంజరంలో పెట్టి, దాని కూతకి వచ్చిన అడవి కౌజుల్ని ఉచ్చుల్లో పట్టేవాళ్ళని వినేవాణ్ణి. అక్కడ పంజరంలో పిట్ట నిజంగా పిట్టే.

"షాపు కోడి ఆరేడు వారాలు షెడ్డులో బతుకుతుంది. ఇది చివరి నిమిషం దాకా టర్కీలా బతుకుతుంది," అంటాడు పెద్దాయన. బాధల్ని కొలిస్తే ఆయనే గెలుస్తాడు. కానీ షెడ్డులో కోడికి ఎవరూ అబద్ధం చెప్పరు, ఎందుకంటే దాంతో ఎవరూ మాట్లాడరు. అబద్ధం చెప్పాలంటే ఎదుటిదానికి వినే మనసొకటి ఉందని ముందు ఒప్పుకోవాలి. నేను నెల రోజులు నేర్చుకున్నది ఆ ఒప్పుకోలే. దానికేం కావాలో, ఏ స్వరానికి ఆగుతుందో, ఏ స్వరానికి కదులుతుందో. ఒక ప్రాణి గురించి అంత శ్రద్ధగా నేనెప్పుడూ నేర్చుకోలేదు. ఆ శ్రద్ధే నేరాన్ని పెంచుతుందని ఇప్పుడు నా అభిప్రాయం. దీనికి షాపు కోడి తినడం సమాధానం కాదని కూడా తెలుసు.

మొదటి రోజు ఇంకా చీకటుండగానే పెద్దాయన గుడ్లగూబలా కూశాడు. లోయ అవతల చెట్టుమీద పుంజు ఉలిక్కిపడి అరిచింది. తెల్లారి అది చెట్టు దిగాక నేను పెట్టె తీశాను. అది బదులిచ్చింది. మళ్ళీ కూశాను, ఇంకా దగ్గర్నుంచి బదులొచ్చింది. నా జీవితంలో ఏ సంభాషణలోనూ గుండె అంతలా కొట్టుకోలేదు. చివరికి ముప్ఫై అడుగుల దూరంలో తోక విప్పుకుని, మెడ ముడుచుకుని తిరుగుతోంది. గురి తలకీ మెడకీ పెట్టాలి, మెడ చాస్తే తప్ప కాల్చకూడదు. అందుకోసం చివరగా ఒక చిన్న కూత కూస్తారు. పెద్దాయన నా పక్కనుంచి మెల్లగా కూశాడు. పెట్ట ఎక్కడుందోనని అది తలెత్తి చూసింది.

కాల్చాను.

ఇంటికొచ్చాక మా అమ్మాయి "వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. ఇంకేం అడగలేదు. తొడమాంసం కుక్కర్లో గంట ఉడికినా మెత్తబడలేదు. పులుసు మాత్రం బావుంది. రెండు రోజులు తిన్నాం.

ఈ ఏడూ పర్మిట్ కొన్నాను. పెట్టె మాత్రం తీసుకెళ్ళదలచుకోలేదు. పుంజులు రోజూ దాటే దారి పక్కన ఊరికే కూచుంటాను. పిలవకపోతే రావు అన్నాడు పెద్దాయన. రాకపోవచ్చు.