మాటలేని ఓదార్పు

ధ్యాన భాగములు: యోబు 2:11–13, లూకా 16:19–21, 2 కొరింథీయులకు 1:3–4



ఈ నెల మేము మీ యెదుట ఒక ప్రశ్న ఉంచుచున్నాము. దుఃఖములో నున్నవానికి సాటి మనుష్యుడు ఇయ్యలేని ఓదార్పును ఒక కుక్క ఇయ్యగలదా? ఇయ్యగలిగినయెడల అది మనకు సిగ్గా, లేక పాఠమా? ఈ ప్రశ్న వినగానే మీలో కొందరు నవ్వుదురు. మన పల్లెలలో కుక్క అను పేరు తిట్టుగా వాడుచున్నాము. పరిశుద్ధ గ్రంథములో కూడ ఆ జంతువునకు గౌరవము తక్కువే. అయినను మీరు కొంచెము ఓర్చుకొని వినవలెనని వేడుచున్నాము. ఏలయనగా ఈ ప్రశ్న మేము పుస్తకములోనుండి తెచ్చినది కాదు. ఒక ఇంటి గడపయొద్ద మాకు ఎదురైనది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక తల్లి తన పదేండ్ల కుమారుని కాలువలో పోగొట్టుకొనెను. భూస్థాపన జరిగిన మరునాడు మేము బైబిలు చేతపట్టుకొని ఆ ఇంటికి వెళ్లితిమి. సెమినరీలో నేర్చుకొన్నదంతయు మాకు జ్ఞాపకమున్నది. దేవుని చిత్తమును గూర్చియు, పునరుత్థానమును గూర్చియు, బిడ్డను పోగొట్టుకొనిన దావీదును గూర్చియు గంటసేపు మాటలాడితిమి. మేము చెప్పినదానిలో అబద్ధమేమియు లేదు. అయితే ఆ తల్లి గోడవైపు తిరిగియుండెను. చివరకు మెల్లగా, "అయ్యగారూ, మీ మాటలు రేపు వింటాను. ఈ పూటకి నన్నిట్లా ఉండనియ్యండి" అనెను.

మేము లేచి చెప్పులు తొడుగుకొనుచుండగా, ఆ పిల్లవాడు రోజూ అన్నము పెట్టి సాకిన కుక్క లోపలికి వచ్చి ఆమె కాళ్లయొద్ద పండుకొనెను. ఎవరును దానిని అదిలింపలేదు. ఆమె చెయ్యి దాని తలమీద పడెను. అంతవరకు ఒక్క కన్నీటి బొట్టు రాల్చని ఆ తల్లి అప్పుడు గొంతెత్తి యేడ్చెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. సత్యము మా నోట నుండెను. ఓదార్పు ఆ నోరులేని జీవియొద్ద నుండెను. ఇది ఎట్లు సంభవించెను?

తరువాత మేము విచారించగా, ఇతర దేశములలో ఈ సంగతిని ఎప్పుడో గుర్తించి దానిని ఒక సేవగా నడుపుచున్నారని తెలిసికొంటిమి. ఇంగ్లాండులోని యార్కు పట్టణములో 1796వ సంవత్సరమున విలియం ట్యూక్ అను క్వేకరు భక్తుడు మతి చలించినవారి కొరకు ఒక ఆశ్రమము తెరచెను. అట్టివారిని గొలుసులతో కట్టివేయుట ఆ దినములలో వాడుక. ఆ ఆశ్రమములోనైతే కుందేళ్లను, కోళ్లను ఆవరణములలో పెంచి, రోగులు వాటితో కాలక్షేపము చేయుటకు సెలవిచ్చిరి. చిన్న ప్రాణిని చూచుకొనుటలో కలతపడిన మనస్సు నెమ్మది పొందునని వారు కనుగొనిరి.

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో, 1944లో, న్యూగినీ అడవిలో దొరికిన ఒక చిన్న ఆడకుక్కను విలియం వైన్ అను అమెరికా సైనికుడు కొనుక్కొని స్మోకీ అని పేరు పెట్టెను. దాని బరువు రెండు కిలోలకంటె తక్కువ. వైన్ డెంగ్యూ జ్వరముతో ఆసుపత్రిలో పడియుండగా స్నేహితులు ఆ కుక్కను అతని యొద్దకు తెచ్చిరి. అది వచ్చినది ఒక్కనికొరకే. కాని నర్సులు దానిని గాయపడిన యితర సైనికుల మంచములయొద్దకు కూడ తీసికొనిపోయిరి. ఓదార్పు కొరకు ఆసుపత్రులలో తిరిగిన కుక్కలలో స్మోకీని మొదటివాటిలో ఒకటిగా నేటికిని చెప్పుకొందురు.

ఇంకొక సంగతి మా వంటి పాదిరులు ప్రత్యేకముగా ఆలోచింపదగినది. ఎలేన్ స్మిత్ అను అమెరికా నర్సు ఇంగ్లాండులో పని చేయుచుండగా, అక్కడి ఆసుపత్రికి ఒక బోధకుడు తన కుక్కను వెంటబెట్టుకొని వచ్చుటయు, దానిని చూచి రోగుల ముఖములు వికసించుటయు గమనించెను. ఆమె స్వదేశమునకు తిరిగి వచ్చి 1976లో న్యూజెర్సీ రాష్ట్రములో ఈ సేవకై ఒక సంస్థ స్థాపించెను. 1983లో ఇంగ్లాండులోను, 1991లో మన ఆసియా ఖండములోని హాంగ్‌కాంగ్‌లోను ఇట్టి పని ఆరంభమాయెను. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో లూథరను సంఘమువారి ధర్మసంస్థ 2008లో ఓదార్పు కుక్కల పరిచర్య మొదలుపెట్టెను. 2012 డిసెంబరు 14న న్యూటౌను అను ఊరి పాఠశాలలో ఒకడు తుపాకితో 20 మంది పసిపిల్లలను, ఆరుగురు పెద్దలను చంపగా, ఈ లూథరనులు కొద్ది దినములలోనే తమ కుక్కలను తీసికొని సుమారు 800 మైళ్లు ప్రయాణము చేసి అక్కడికి చేరిరి. వారు ప్రసంగించుటకు వెళ్లలేదు. బెదరిపోయిన పిల్లలు కుక్కల మెడలు కౌగిలించుకొనుచుండగా వారు గొలుసు పట్టుకొని ప్రక్కన నిలిచిరి.

ఇది వీధికుక్కను పట్టుకొని పోయి చేయు పని కాదు. సాధారణముగా ఈ సేవ చేయువారు జీతము పుచ్చుకొనరు. కుక్క వారి యింటిదే. అది ఊతకర్రలకు, చక్రాల కుర్చీలకు, హఠాత్తుగా పుట్టు చప్పుళ్లకు బెదరకుండ తర్ఫీదు పొందవలెను. దానికి పరీక్ష జరుగును. టీకాలు వేయించి, స్నానము చేయించి, గోళ్లు కత్తిరించి తీసికొనిపోవుదురు. తెరిచిన పుండ్లుగలవారి యొద్దకును, రోగమును ఎదుర్కొను శక్తి బొత్తిగా తగ్గినవారి యొద్దకును పోనియ్యరు. మనదేశములో పిచ్చికుక్క కాటువలన నేటికిని అనేకులు చనిపోవుచున్నారు. గనుక ఈ వ్యాసము చదివి ఎవరును తెలియని కుక్కను రోగి మంచము దగ్గరకు తేవద్దు. ఏ కుక్కయైనను కరచినయెడల పసరులని, మంత్రములని కాలయాపన చేయక, గాయమును సబ్బుతో పారునీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే సర్కారు ఆసుపత్రికి పోయి సూదులు వేయించుకొనుడి.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ఆ మూగజీవి యొద్ద ఉన్నదేమి, మాయొద్ద లేనిదేమి?

2015లో జపాను దేశపు శాస్త్రజ్ఞులు ఒక సంగతి ప్రకటించిరి. కుక్కయు దాని యజమానియు ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొనునప్పుడు ఇద్దరి శరీరములలోను ఒక రసము హెచ్చునట. అది తల్లికిని బిడ్డకును మధ్య ప్రేమబంధమును కలిగించు రసమే. దేవుడు సృష్టిలో ఉంచిన ఈ మేలుకొరకు ఆయనకు స్తోత్రము. అయితే మనము నేర్చుకొనవలసినది అంతకంటె తేలికయైనది. కుక్క ఏమి చేయుచున్నదని గాక, అది ఏమి చేయుట లేదని చూడుడి.

మన ఊరిలో ఒక ఇంట కష్టము వచ్చినప్పుడు పరామర్శకు పోవువారు ఏమందురు? "ముందే పెద్దాసుపత్రికి తీసుకెళ్తే బతికేవాడు." "ఎంత ఖర్చయింది?" "మా అన్న కొడుక్కీ ఇట్లాగే అయింది." "ఏ పాపం చేసుకుందో!" చెడ్డవారై ఇట్లనుట లేదు. ఊరకుండుట కష్టము గనుక అనుచున్నారు. ఎదుటివాని దుఃఖము మనకు భారముగా నుండును. ఒక మాట అనివేసినయెడల మన బరువు దిగును, వాని బరువు పెరుగును. కుక్క కారణము అడుగదు. తీర్పు తీర్చదు. వాసన వచ్చుచున్నదని ముఖము త్రిప్పుకొనదు. తొందరపడి గడియారము చూడదు.

యోబు స్నేహితులను తలంచుకొనుడి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనువారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతోకూడ నేలమీద కూర్చుండిరి. అతని బాధ మిక్కిలి గొప్పదని చూచి ఒక్క మాటయైనను పలుకలేదు. ఆ ఏడు దినములు వారు మంచి స్నేహితులే. ఎనిమిదవ దినమునుండి గ్రంథములో అధ్యాయములకు అధ్యాయములు వారి వాదములతో నిండిపోయెను. వారు ఓదార్పు పేరట బాధించుచున్నారని యోబు మొరపెట్టుకొనెను. దేవుడు కూడ కడపట వారినే గద్దించెను. మేము ఆ తల్లి యింట ఎనిమిదవ దినముతో మొదలుపెట్టితిమి. అదియే మా తప్పు.

ధనవంతుని వాకిట పడియున్న లాజరు యొద్దకు కూడ కుక్కలే వచ్చెనని ప్రభువు చెప్పెను. అవి అతని కురుపులు నాకుట అతని హీనస్థితిని చూపుటకే చెప్పబడెనని మేము చాలాకాలము ప్రసంగించుచుంటిమి. అది నిజమే కావచ్చును. కాని ఇంకొకటి కూడ అక్కడ కనబడుచున్నది. ఆ వాకిటిలో రోజూ వచ్చిపోవు మనుష్యులుండిరి. అతని దగ్గరకు చేరినట్లు చెప్పబడినవి మాత్రము కుక్కలు.

ఇక్కడ కొందరు అడుగవచ్చును: "కుక్కకు తెలిసి చేయుచున్నదా? దాని స్వభావము అంతే. దానిని కనికరమని ఎట్లందుము?" న్యాయమైన ప్రశ్న. కుక్కకు పుణ్యమును మేము అంటగట్టము. కనికరము ఇష్టపూర్వకముగా ఎన్నుకొనునది. అయితే గొలుసు రెండవ కొన ఎవరి చేతిలో నున్నదో చూడుడి. వారమంతయు పని చేసి అలసినవాడు, తన విశ్రాంతి దినమున, తనకు బంధువు కాని ముసలివాని మంచము వెదకుకొని పోవుచున్నాడు. కుక్క తలుపు తెరచుచున్నది. లోపలికి పోవలసినవాడు మనుష్యుడు. రోగి మొదట కుక్కతో మాటలాడును, తరువాత కుక్కను తెచ్చినవానితో మాటలాడును.

మరియొక ప్రశ్న దీనికంటె పదునైనది. బిడ్డలు రావలసిన చోటికి కుక్కను పంపుట న్యాయమా? కాదు. తల్లిని ఒంటరిగా విడిచి, ఆమెకు తోడు కుక్క ఉన్నదిలే యని పట్టణములో నెమ్మదిగా నిద్రించువాడు ఆ మూగజీవిని తన అపరాధమునకు తెరగా కట్టుకొనుచున్నాడు. నెలనెల డబ్బు పంపువాడు కూడ ఈ మాట తన హృదయమునకు చెప్పుకొనవలెను. కుక్క మన బదులు పోవునది కాదు, మనతోకూడ పోవునది. ఇంకను, ఆ జీవికి కూడ అలసట కలదు. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునను భావము సామెతలు 12:10లో నున్నది. గనుక దానిని మంచి సేవకులు గంటలకొలది త్రిప్పరు. అది బెదరినను, అలసినను ఇంటికి తీసికొనిపోవుదురు. ఒకని కన్నీరు తుడుచుటకు వేరొక ప్రాణిని బాధించుట ధర్మము కాదు.

అట్లయిన బోధకుడు ఇక నోరు మూసికొనవలెనా? అదియు కాదు. మాటకు కాలము కలదు. బేతనియలో ప్రభువు లాజరును లేపబోవుచున్నట్లు ఎరిగియుండియు, సమాధియొద్దకు పోవు దారిలో కన్నీళ్లు విడిచెను. జవాబు చేతిలో నున్నవాడే మొదట ఏడ్చినయెడల, జవాబు చేతిలో లేని మనము ఎంత మెల్లగా మాటలాడవలెను!

ఆ తల్లి సంగతి ముగించెదము. మరల వారము మేము ఆ యింటికి పోయి, బైబిలు తెరువక, అరుగుమీద ఊరకే కూర్చుంటిమి. అరగంట మాకు ఒక దినమువలె నుండెను. మాకంటె ముందే అక్కడ మా సంఘములోని ఒక అవ్వ కూర్చుండియుండెను. ఆమెకు చదువు రాదు. ప్రార్థన కూటములో నోరు విప్పుటకు సిగ్గుపడును. ఆమె ప్రతి సాయంకాలము వచ్చి, చేట ముందు పెట్టుకొని, ఆ యింటి బియ్యములో రాళ్లు ఏరి, దీపము పెట్టువేళకు లేచి పోవుచుండెనట. మాట లేదు. కుక్క ఆ యిద్దరి మధ్య పండుకొనియుండెను. నాల్గవ వారమున ఆ తల్లి తానే, "అయ్యగారూ, ఆ రోజు చెప్పిన మాట మళ్లీ ఒకసారి చదవండి" అనెను. అప్పుడు చదివితిమి. అప్పుడు ఆమె వినెను.

ప్రియులారా, "మాకు ఏమి మాటలాడవలెనో తెలియదు, అందుకే పోలేదు" అని మీలో అనేకులు మాతో చెప్పియున్నారు. ఇకమీదట ఆ సాకు మనకు లేదు. ఓదార్చుటకు వాగ్ధాటి కావలెనన్నయెడల నోరులేని జీవి ఎట్లు ఓదార్చెను? చదువు కావలెనన్నయెడల ఆ అవ్వ ఎట్లు ఓదార్చెను? సమస్తమైన ఆదరణను అనుగ్రహించు దేవుడు మనలను ఆదరించినది, మనము ఇతరులను ఆదరించుటకేనని పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసెను. మన ఊరిలో క్షయరోగియని ఎవరును గడప త్రొక్కని యిల్లు ఏది? భర్త పోయిన తరువాత పదియవ దినమునుండి ఎవరును పలుకరింపని విధవరాలు ఎవరు? ఈ నెల ఒక్కొక్క కుటుంబము అట్టి ఒక్క యింటికి పోయి అరగంట కూర్చుండవలెనని మేము బ్రతిమాలుచున్నాము. సలహా వద్దు. విచారణ వద్దు. చేతికి పని దొరికినయెడల చేయుడి. దొరకనియెడల దగ్గర నుండుడి.

మా తొందర నోటిని అదుపులో నుంచి, మా ఆలస్యపు పాదములను త్వరపెట్టుమని ప్రభువును వేడుకొందము. ఆమేన్.