ద్వీపంలో మంచినీళ్లు

చీపురుపల్లి నుంచి విశాఖ వెళ్లి, ఓడో విమానమో ఎక్కి అండమాన్‌లో సెలవులు గడిపేవారికి హోటల్ గదిలో దొరికే సుఖం సముద్రం ఇచ్చేది కాదు, వాననీరు ఇచ్చేది. పోర్ట్‌బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ప్రధాన నీటి ఆధారం ధనిఖారి ఆనకట్ట. ఎండల్లో అది అడుగంటి, ఊళ్లో కుళాయిలు రోజు విడిచి రోజు వచ్చిన ఏళ్లున్నాయి. ట్యాంకర్ తెప్పించుకునే హోటల్లో షవరు మాత్రం ధారగా పడుతూనే ఉంటుంది. డబ్బు కట్టాం కదా అంటారు. గదికి కట్టాం, నిజమే. డబ్బుకి వాన కురవదు. హోటళ్లు పదిమందికి కూడు పెడుతున్నాయన్నదీ కాదనలేం. కానీ 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో వందకు 13 మంది తెలుగువాళ్లు, వారిలో ఎందరో మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలసపోయినవాళ్లే. వాళ్ల ఇంట్లోనూ బిందె నిండాలి. అక్కడికి వెళ్తే బకెట్టు నీళ్లతో స్నానం కానిచ్చేయండి, రోజూ తువ్వాలు మార్చమని అడక్కండి.