నరకమైనా సరే, తేలిపోతే చాలు

అడవిలో వేటకు బయల్దేరిన తండ్రిని కొడుకు ఒక ప్రశ్న అడుగుతాడు. మాయమైపోయిన పసితమ్ముడు ఇప్పుడు నరకంలో ఉన్నాడా? తండ్రి మాట దాటేయబోతాడు. పిల్లవాడు వదలడు. నేను ఈ రోజే చనిపోతే నా గతేమిటని నిలదీస్తాడు. తమ్ముడు క్రీస్తు దగ్గరే ఉన్నాడని చెప్పాలని ఆ తండ్రికీ ఉంది. కానీ అది దేవుడికి తప్ప ఎవరికీ తెలియదంటాడు. రాబర్ట్ ఎగర్స్ తీసిన 'ది విచ్' సినిమాలో మంత్రగత్తె ఉంది, నల్లమేకలో సైతాను ఉన్నాడు, రక్తపాతమూ ఉంది. అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టేది మాత్రం ఈ సంభాషణే.

ఎగర్స్‌కిది తొలి చిత్రం. 2015లో సన్‌డాన్స్ ఉత్సవంలో దర్శకత్వ బహుమతి తెచ్చిపెట్టింది. కథ 1630ల నాటి న్యూ ఇంగ్లండ్‌లో జరుగుతుంది. మతం విషయంలో పెద్దలతో తగవుపడి వెలికి గురైన విలియం, భార్యాపిల్లలతో అడవి అంచున పొలం వేసుకుంటాడు. మొక్కజొన్న కుళ్లిపోతుంది. పసివాడు అక్క కళ్లెదుటే రెప్పపాటులో మాయమవుతాడు. ఆ తర్వాత సినిమా ఏమాత్రం తొందరపడదు. ఇంట్లో ఒకరంటే ఒకరికి అనుమానం ముదిరేదాకా ఆగుతుంది. భార్య వెండి గిన్నెను చాటుగా అమ్మేసింది విలియమే. ఆ నింద పెద్దకూతురు థామసిన్ మీద పడుతున్నా నోరు మెదపడు. ఆనాటి డైరీలు, కోర్టు రికార్డుల నుంచే చాలా మాటలు తీసుకున్నామని చివర్లో తెరమీద వేశారు. ఆ శ్రద్ధ ప్రతి సన్నివేశంలోనూ తెలుస్తుంది.

ఎవరు రక్షణ పొందుతారో, ఎవరు పొందరో దేవుడు సృష్టికి ముందే నిర్ణయించాడన్నది క్రైస్తవ సంస్కర్త జాన్ కాల్విన్ బోధ. మన మంచితనం ఆ నిర్ణయాన్ని మార్చలేదు. విలియంలాంటి ప్యూరిటన్లు, అంటే ఆనాటి కఠిన ప్రొటెస్టెంట్లు, ఈ నమ్మకంలోనే పెరిగారు. అయితే విలియం చెప్పిన జవాబు అతని మతం చెప్పమన్నదానికంటే కఠినమైనది. 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో కాల్విన్ మార్గీయుల మహాసభ జరిగింది. ఇంగ్లండ్ రాజు జేమ్స్ కూడా ప్రతినిధులను పంపాడు. పసితనంలో చనిపోయిన బిడ్డల రక్షణను భక్తిగల తల్లిదండ్రులు శంకించనక్కర్లేదని ఆ సభ స్పష్టంగా తీర్మానించింది. విలియం ఆ ఊరట కొడుక్కి ఎందుకు ఇవ్వలేకపోయాడు? ఆ తీర్మానం భక్తిగల తల్లిదండ్రులకు వర్తిస్తుంది. తాను ఆ కోవకు చెందుతాడా అన్నదే విలియంకు తేలని విషయం.

ఈ సందేహాన్ని మనిషి ఒంటరిగా మోయలేడు. ప్యూరిటన్లకూ ఆ సంగతి తెలుసు. మసాచుసెట్స్ చర్చిల్లో 1630ల నుంచే, సభ్యత్వం కోరేవాళ్లు తమలో దేవుని కృప ఎలా పనిచేసిందో సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాల్సి వచ్చేది. సంఘం విని ఒప్పుకుంటే, పూర్తి నిశ్చయం కాకపోయినా, ఒక ఆసరా దొరికినట్టే. సందేహాన్ని పుట్టించేదీ ఆ సంఘమే, దానికి ఉన్న ఒక్క మందూ ఆ సంఘమే. అలాంటి చోటు నుంచి, సిద్ధాంతంలో తనదే గెలుపన్న గర్వంతో విలియం బయటికి నడిచాడు. సందేహం మాత్రం అతని వెంటే వచ్చింది.

చరిత్రలోకి వెళితే సినిమా చిన్నదైపోతుంది. మసాచుసెట్స్ గవర్నర్ జాన్ విన్‌త్రాప్ తన డైరీలో 1637 నాటి ఒక సంఘటన రాశాడు. తన ఆత్మ గతేమిటన్న దిగులుతో కుమిలిపోతున్న బోస్టన్ సంఘపు స్త్రీ ఒకామె ఎవరి ఓదార్పునూ వినలేని స్థితికి వచ్చింది. ఒకరోజు పసిబిడ్డను బావిలో పడేసి, ఇంట్లోకి వచ్చి, ఇక తనకు నరకం ఖాయమని చెప్పింది. దగ్గరున్నవాళ్లు బిడ్డను కాపాడారు. ఆ తల్లికి కావలసింది చావు కాదు, పాపమూ కాదు. ఏదో ఒకటి తేలిపోవడం. మరుసటి ఏడాది సేలంకు చెందిన డొరొతీ టాల్బీ విషయంలో ఆ అదృష్టం కూడా లేదు. సంఘం ఆమెను మందలించింది, వెలివేసింది. అధికారులు కొరడాతో కొట్టించారు. చివరికి ఆమె మూడేళ్ల కూతుర్ని చంపింది, రాబోయే బాధల నుంచి తప్పించడానికట. 1638లో ఆమెను ఉరితీశారు. ఆ పాప పేరు డిఫికల్టీ, అంటే కష్టం.

ఇదంతా కాల్విన్ సిద్ధాంతంలోని లోపమేనని చాలామంది తీర్పిస్తారు. అంత తేలిక కాదు. ముక్తికి అర్హులు, నిత్య సంసారులు, అంధతమస్సుకు చేరేవారు అని మధ్వాచార్యులు కూడా జీవులను వారి స్వభావాన్ని బట్టే మూడు తెగలుగా విభజించారు. అయినా మంత్రాలయంలో ఆ మధ్వ సంప్రదాయానికే చెందిన రాఘవేంద్రస్వామి బృందావనం చుట్టూ ప్రదక్షిణ చేసే భక్తుడు, తాను మూడో తెగవాడినేమోనని కుంగిపోడు. గురువు, మఠం, ఏకాదశి ఉపవాసం, పక్కన నడుస్తున్న పదిమంది ఆ ప్రశ్నను అతని ఒక్కడి నెత్తిన పడనివ్వరు.

విలియం పొలంలో అలాంటిదేదీ లేదు. క్రీస్తు ఒకప్పుడు ఎంతో దగ్గరగా అనిపించేవాడని, ఇప్పుడు ఆ దగ్గరితనం పోయిందని భార్య క్యాథరిన్ ఒప్పుకుంటుంది. భర్త వింటాడు గానీ ఆమెను ఓదార్చే బలం అతనికి లేదు. తన గర్వమే ఇంతకు తెచ్చిందని అతనూ చివరికి దేవుని ముందు ఒప్పుకుంటాడు, అదీ రాత్రిపూట, ఒంటరిగా. పక్కన ఉండి ఆమెన్ అనేవాడు లేడు.

అందరూ పోయాక థామసిన్ నల్లమేకతో మాట్లాడుతుంది. ఆ సినిమాలో ఆ పిల్లను నీకేం కావాలని అడిగిన మొదటి గొంతు అదే. వెన్న, అందమైన గౌను, లోకాన్ని చూసే అవకాశం ఇస్తానంటుంది. ఓ పుస్తకంలో సంతకం పెడితే చాలు. బావి దగ్గరి తల్లి బిడ్డను పణంగా పెట్టి కొనబోయిన నిశ్చయమే ఇక్కడ ఒప్పందంగా దొరుకుతోంది. థామసిన్ అడవిలోకి నడిచి, గాలిలోకి తేలుతూ నవ్వే ఆ ముగింపును విముక్తిగా చూసేవాళ్లున్నారు. అమెరికాలోని సటానిక్ టెంపుల్ అనే సంస్థ 2016లో ఈ సినిమాను బాహాటంగా మెచ్చుకుంది. ఆ ఇంట్లో ఆమె పడ్డ నరకం చూశాక అలా అనిపించడం సహజమే. కానీ ఆ వాదన ఒక వివరాన్ని వదిలేస్తుంది. తనకు పేరు రాయడం రాదని థామసిన్ అంటే, సైతాను తానే ఆమె చెయ్యి పట్టి రాయిస్తానంటాడు. ఆమె రాత సృష్టికి ముందే రాసేశారని ఇంతకాలం తండ్రి చెప్పాడు. ఇక్కడా కలం కదిలించేది ఆమె కాదు.